తిప్ప మీద నాగప్ప

బోరు ఎండిపోయి, ఊళ్లో తిప్పలు పడలేక వీపనగండ్ల నుంచి సముద్రం ఒడ్డుకు పనికి పోయిన నాగప్పకు అక్కడా తిప్పే దొరికింది. ఇసుక తిప్ప. తుఫాను వస్తే అలలకూ ఊరికీ మధ్య అడ్డం అదొక్కటే. గాలికి అది కరిగిపోకుండా దాని మీద ఇసుక తీగ నాటడం, నీళ్లు పోయడం, మేకలు రాకుండా కాయడం అతని పని. ఊరేమో కాలువ అవతల. ఈ పని చేయించే ఉమ పడవలో వస్తే మనిషి మొహం, లేకపోతే కెరటం మొహం. పాలమూరులో నీళ్లకు మొహం వాచినవాడు, ఇక్కడ అన్ని నీళ్ల ముందు కూర్చుని మనిషికి మొహం వాచాడు.

సిగ్నల్ తిప్ప నెత్తినే దొరికేది. సాయంత్రం కాగానే ఎక్కి, ఇంటి దగ్గర పల్లి చేను చూసుకుంటున్న భార్య రేణుకమ్మకు ఫోన్ చేసేవాడు. పెళ్లయిన నాటి నుంచి వాళ్ల మాటలన్నీ చేలోనే, చెరో సాలు పట్టి. మాట కలవాలంటే కలుపు తీయాలి. అదీ ఆ కాపురం. నోరు ఆడితే చెయ్యీ ఆడాల్సిందే.

"ఏందయ్యా, పుటుక్కు పుటుక్కు మంటుంది? గాడ ఏం పీకుతున్నవ్?" అంది ఒకనాడు రేణుకమ్మ.

"ఏం లేదు. నువ్వు జెప్పు. బర్రె ఈనిందా?"

ఆమె చెప్పింది. అతను పీకాడు.

పెద్ద గాలి వీచిన మర్నాడు ఉమ వచ్చింది. తిప్ప నెత్తిన గండి. ఇసుకలో తనంతట మొలిచే రావణాసురుడి మీసాల గడ్డి రెండంచులా నిలబడే ఉంది, నడిమధ్య మాత్రం నున్నగా గొరిగినట్టుంది. తీగ లాగితే డొంక కదలడం సామెత. ఇక్కడ తిప్పే కదిలింది. మేకలు గానీ పడ్డాయా అని ఉమ అడిగింది. అవునంటే సరిపోయేది. కానీ పక్కనే ఎండిన తీగల కుప్ప ఉంది: వేళ్లు దులిపి, మొదళ్లన్నీ ఒకే వైపుకు పేర్చి. మేకలకు అంత పద్ధతి ఉండదు.

"నేనే పీకినమ్మా. మా ఆమెతోని మాట్లాడుకుంట. చేతికి తెల్వలే."

ఉమ తుఫాన్ల కాలం దగ్గరపడిందని, మళ్లీ తీగ నాటాక అది అల్లుకునేదాకా పైన అడుగు పెట్టకూడదని, పెడితే వేరే మనిషిని చూసుకోక తప్పదని చెప్పింది. తర్వాత గొంతు తగ్గించి, "మరి ఫోనెలా చేస్తారండీ?" అంది.

"ఇయ్యాల ఒక్కసారి ఎక్కి సంగతి జెప్పొస్తనమ్మా," అన్నాడు నాగప్ప.

ఆ సాయంత్రం చివరిసారి ఎక్కి, ఖాళీ చేతిని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు. సంగతి చెప్పాడు.

"గది అల్లుకునెదాక ఫోన్ రాదా?"

"రాదు."

"అల్లుకుంటదా?"

"నాటేది నేను గదా."

"పీకింది గూడ నువ్వే," అంది రేణుకమ్మ. నవ్విందో ఏడ్చిందో ఆ గాలిలో తెలియలేదు.

తెల్లారి గండిలో కొత్త తీగ నాటి, తన అడుగుల దారికి తాటాకులు అడ్డం పాతాడు. అప్పటి నుంచి సాయంత్రాలు తిప్ప కిందే. కలుపు లేదు, మాట కలుపుకునే మనిషీ లేదు. తీగ మాత్రం తనకేం తొందర అన్నట్టు జానెడు జానెడు పాకింది.

వాన వెలిసిన ఓ పొద్దున గండిలో ఊదారంగు పువ్వొకటి కనిపించింది. అల్లుకోవడం ఇంకా చాలా ఉంది. నాగప్ప తాటాకులకు ఇవతలే ఆగిపోయాడు. రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

"రేణుకా, పూసిందే," అన్నాడు, ఫోన్ లేకుండానే.