తొడ చరిచిన తావుర్యా

రండి రండి, దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ ఫోన్లో పాట ఆపండి, వెనకాల గుసగుసలూ ఆపండి. రెండోసారి చెప్పించుకోకండి, రెండోసారి చెప్తే నా కథ మొదటిసారి కంటే పెద్దదవుతుంది.

దామరచర్ల దగ్గర తండాలో తావుర్యా అని ఒక ఉస్తాద్ ఉన్నాడు. కర్రసాము, కుస్తీ రెండూ నేర్పుతాడు. ఆయన కర్ర తిప్పుతూ వానలో నిలబడితే ఒంటి మీద చుక్క పడదు. ఒకసారి మిర్యాలగూడలో రైస్ మిల్లు ముందు తిప్పితే, లేచిన ఊక వెళ్లి కోదాడలో పెళ్లి భోజనాల మజ్జిగలో పడింది. నమ్మకపోతే ఆ మజ్జిగ తాగినవాళ్లను అడగండి.

అంతటి మనిషికి మిగిలింది ఒక్క శిష్యురాలు, మనవరాలు నందిని. ఒకరోజు ఆ పిల్ల కూడా, "తాతా, నేను సూర్యాపేటల క్రాంతి సార్ తాన ఎంఎంఏ నేర్సుకుంట" అంది.

"గదేంది?"

"గుద్దుడు, తన్నుడు, కుస్తీ, అన్నీ కలిపి."

"అన్నీ కలిపితే కిచిడీ అయితది బిడ్డా, కొట్లాట గాదు."

పైకి అలా అన్నాడు గానీ లోపల బెంగ పట్టుకుంది. ఈ పిల్ల పోతే తన విద్య తనతోనే ఖతం. మర్నాడే ఆమెను వెంటబెట్టుకుని, కర్ర చంకన పెట్టుకుని సూర్యాపేట బస్సెక్కాడు.

జిమ్ చూడగానే అనుమానం పట్టుకుంది. నడిమధ్యన ఇనుప జాలి చుట్టిన బరి, దానికో తలుపు. నిజంగా కొట్లాడేవాడికి జాలి ఎందుకు? పారిపోకుండానా? అంతలో క్రాంతి వచ్చి కాళ్లకు దండం పెట్టాడు. అనుమానం రెట్టింపయింది. తన్నబోయేవాడికి ఇంత మర్యాద దేనికి?

"నన్ను ఓడగొడితే పిల్ల నీ తాన నేర్సుకుంటది. నేను గెలిస్తే నా తాన్నే ఉంటది. రా!"

"పెద్దయ్యా, మీ వయసుకు..."

"నా వయసు గురించి నువ్వు పరేషాన్ గాకు."

"అట్లయితే గుద్దులొద్దు, పట్లు పడదాం. కర్ర పక్కకు పెట్టున్రి. బజార్ల ఎవడన్న మీద పడితే కర్ర యాడికెళ్లి తెస్తరు?"

"యాడికెళ్లి తెచ్చుడేంది? బస్సుల నా పక్కనే కూసోని వచ్చింది. కండక్టర్ దానికి గూడ టికెట్ కొట్టిండు!"

క్రాంతి నోట్లో ఏదో పెట్టుకోబోయాడు.

"ఆగాగు. గదేంది దాస్తున్నవ్?"

"పండ్లు ఇరగకుండ రబ్బరు, పెద్దయ్యా."

తావుర్యా దాన్ని లాక్కుని వెలుతురుకు పట్టి చూశాడు. వాసన చూశాడు. ఏ మందూ దొరకలేదు. అదే మరీ అనుమానం. క్రాంతి నియమాలు చెప్పడం మొదలుపెడితే ఒక్క ముక్కా చెవిన వేసుకోలేదు. మాటల్లో పెట్టి పట్టు పడతాడని వాడి చేతులే చూస్తూ కూర్చున్నాడు.

కర్ర నందిని చేతికిచ్చి తావుర్యా బరిలోకి దిగాడు. తలుపు మూశారు. ఇద్దరూ కలబడి కింద పడిన చప్పుడుకు హుజూర్‌నగర్ బస్టాండులో నిద్రపోతున్న డ్రైవర్లు లేచి బస్సులు తీశారు. తేరుకుని చూసుకుంటే తావుర్యా చెయ్యి క్రాంతి రెండు కాళ్ల మధ్య ఇరుక్కుని ఉంది. మోచెయ్యి కటకటమంటోంది. బలం చాలనప్పుడు తొడ చరిచి శత్రువును పిలవమని ఆయన గురువు నేర్పాడు. ఖాళీగా ఉన్న చేత్తో తొడ మీద ఫటఫటా చరిచాడు. కాళ్లన్నీ చిక్కుపడి ఉన్నాయి కదా, ఆ తొడ క్రాంతిది.

క్రాంతి ఠక్కున వదిలేశాడు.

తావుర్యా ఎగిరి వాడి వీపు నేలకు ఆనించి, "గెలిసిన!" అని అరిచాడు. జిమ్ పిల్లలంతా, "గెలుసుడేంది తాతా, ఓడినవ్!" అని గోల చేశారు.

తావుర్యా మోచెయ్యి పట్టుకుని కూలబడ్డాడు. "నిజం సెప్పు పిలగా. నా సప్పుడుకు భయపడి ఇడిసినవా?"

"లేదు పెద్దయ్యా. మా తాన అట్ల కొడితే ఓడిన, ఇడువుమని."

"నేను యుద్ధానికి పిలిసిన్రా!"

"నాకేమెరుక? కొట్టిన్రు, ఇడిసిన. జర ఆగితే మీ చెయ్యి ఇరుగుతుండె."

తావుర్యా మోచెయ్యి రుద్దుకుంటూ లెక్క వేసుకున్నాడు. మోసం చేసేవాడైతే చెయ్యి దొరికినప్పుడే చేసేవాడు. అంతమంది చూస్తున్నారు, గెలుపు చేతిలో ఉంది, అయినా వదిలేశాడు.

"నా పిల్ల కొడితే గూడ ఇడుస్తవా?"

"ఎవలు కొట్టినా ఇడుస్త."

"బజార్ల రౌడీగాడు ఇడువడు గద?"

"ఇడువడు. గందుకే మొదలు ఉరుకుడు నేర్పిస్త."

నందిని కిసుక్కుమంది. "గది నాకొచ్చు సార్! తాత కర్ర పట్టుకొని ఎంబడి పడి మరీ నేర్పిండు."

తావుర్యా నవ్వు దాచుకోబోయి దగ్గాడు. "సరే, నేర్సుకో. ఐతారం మాత్రం నా తాన కర్ర పట్టాలె. నేను గూడ దినాం వస్త. ఈయన మీద అనుమానం తీరేదాక గీడనే కూసుంట."

అప్పటిదాకా బరి బయట ఇనుప జాలి పట్టుకుని నోరెళ్లబెట్టి చూస్తున్న కోదాడ ఆసామి ఒకాయన, చేతిలో కదులుతున్న సంచిని సర్దుకుంటూ క్రాంతిని అడిగాడు:

"ఏమండీ, మనుషుల ఆట అయిపోయిందిగా, ఇంక కోళ్లను ఎప్పుడు దింపుతారు? మా పుంజు అప్పట్నుంచీ ఎదురుచూస్తంది."