చేప తల ఎటువైపు?

చైనాలోని షావోషింగ్‌లో బట్టలకు రంగులద్దే మిల్లు నడిపే మా ఆయన లౌ గెన్‌ఫా అంత మొండిఘటం ఇంకొకడు ఉండడు. కాలువలోకి రంగునీళ్లు వదిలే మిల్లుకు ఇక అప్పు ఇవ్వబోమని బ్యాంకు తేల్చి చెప్పినప్పుడు, నెలంతా వాళ్లకు శాపనార్థాలు పెట్టాడు. ఆ తర్వాత నోరు మూసుకుని నీళ్లు శుద్ధిచేసే యంత్రాలు పెట్టించాడు. శుద్ధయిన నీళ్లు చేరే గుంటలో చేపలు వదిలాడు.

తనిఖీకి వచ్చిన బ్యాంకు అధికారి చియు యిన్ ఆ గుంటను చూసి నవ్వింది.

"చేపల్ని ప్రతి మిల్లులోనూ చూపిస్తారు లౌ గారూ. వాటిని తినే యజమానినే ఇంతవరకు చూళ్లేదు."

"వెళ్లకమ్మా, కూర్చో," అన్నాడాయన. వల వేసి ఒక చేపను పట్టి నా చేతిలో పెట్టాడు. ఆవిరి మీద ఉడికించి తెచ్చాను. మా దగ్గర చేప తల అతిథివైపు ఉంచుతాం, అతిథే ముందు తినాలి. నేనూ అలాగే పెట్టాను. ఆయన పళ్లేన్ని గిర్రున తనవైపు తిప్పుకున్నాడు.

"నా నీళ్లు తాగిన చేప ఇది. ముందు నేనే తినాలి."

ముళ్లు ఏరుకుంటూ సగం చేప తినేశాడు. ఆయన మొండితనం నాకు మొదటిసారి ముద్దొచ్చింది.

చియు యిన్ ఆయన్నే చూస్తూ కూర్చుంది. తర్వాత చేప తలను తనవైపు తిప్పుకుంది.