గడపకు రంగు

పెద్దిరాజు మామిడితోట కాపలాదారు. నూజివీడు చుట్టుపక్కల చిన్నరసాలు కోతకొచ్చాయో లేదో కాయ రంగు చూసి చెప్పమని పక్క తోటలవాళ్లు కూడా అతన్నే పిలుచుకుపోయేవాళ్లు. తొడిమ దగ్గర ఆకుపచ్చ ఏ కాస్త వెలిసినా చెట్టు కింద నిలబడే కనిపెట్టేవాడు. అంతటి కన్నున్న మనిషి సొంత గడపకు రంగు ఎంచుకునే దగ్గర పొరబడ్డాడు. ప్రేమకొద్దీ చేసిందే. కానీ ప్రేమకొద్దీ చేసినంత మాత్రాన పొరపాటు పొరపాటు కాకుండా పోదు.

యుద్ధం ముగిసి, బజార్లో రంగు డబ్బాలు మళ్లీ దొరుకుతున్న రోజులవి. జమీందారీలు రద్దవుతాయట, తోటలు ఎవరి పాలవుతాయో అని కాపలావాళ్లంతా బెంగపడుతున్నారు. పెద్దిరాజు బెంగ తోటలో లేదు, ఇంట్లో మంచం మీద ఉంది. మామిళ్లు పూత మీదున్నప్పుడు అతని భార్య నాగేంద్రమ్మకు పక్షవాతం వచ్చి కుడి పక్కంతా పడిపోయింది. మాట ముద్దముద్దగానైనా వచ్చేది. కుడి చెయ్యి మాత్రం ఒళ్లో పెట్టిన చోటే ఉండిపోయేది.

పిల్లల్లేని ఇల్లు. ఆ పెంకుటింట్లో టేకు అన్నది వీధి గడప ఒక్కటే. కాపరానికొచ్చిన కొత్తలో ఎవరిదో పాత మేడ పడగొడుతుంటే మొగుడి వెంటపడి ఆ గడపను కొనిపించి పెట్టించుకుంది నాగేంద్రమ్మ. అప్పట్నుంచీ ప్రతి శుక్రవారం దానికి పండగే. కడిగి, తుడిచి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టేది. ఆరిన పసుపు మీద తడి పసుపు, దాని మీద మళ్లీ పసుపు. అడుగున కొయ్య ఏ రంగులో ఉండేదో ఇంటి మనుషులే మరిచిపోయారు. చాటున గొడ్రాలని చెవులు కొరుక్కునే ఆడవాళ్లు సైతం ఆ గడప దగ్గరికొచ్చేసరికి కుచ్చిళ్లు పైకి పట్టుకుని జాగ్రత్తగా దాటేవాళ్లు. ఆ గౌరవం తన చేతిదని నాగేంద్రమ్మకు తెలుసు.

మంచాన పడ్డాక కూడా మానలేదు. పక్కింటి వెంకటలక్ష్మి, "నేను పెడతాలే వదినా" అంటే వినలేదు.

"నా గడపకి ఇంకో చెయ్యేంటే?" అంది.

మంచం దిగి, కూర్చునే జరుగుతూ గడప దాకా పోయేది. ఎడమ చేత్తో పసుపు పెట్టకూడదు కదా. అందుకని ఎడమ చేత్తో తన కుడి మణికట్టు పట్టుకుని, చచ్చుపడిన ఆ వేళ్లను పసుపుగిన్నెలో ముంచి, గడప పొడుగునా ఈడ్చేది. పనయ్యేసరికి బారెడు పొద్దెక్కేది. ఒక శుక్రవారం అలా ఈడుస్తూ ముందుకు తూలి పడింది. తోట నుంచి అన్నానికొచ్చిన పెద్దిరాజు, నుదురు చిట్లి గడప మీద పడి ఉన్న పెళ్లాన్ని చూశాడు. పసుపులో నెత్తురు కలిసి ఉంది. దీనికేదో ఒక దారి చూడకపోతే ఈ మనిషి నాకు దక్కదు అనుకున్నాడు.

ఆ సాయంత్రమే చిన్నరాయప్ప దగ్గరికి పోయాడు. చిన్నరాయప్ప ఎడ్లబళ్లకూ, బంగళా తలుపులకూ రంగులు వేసేవాడు. వాళ్ల ఏసు గుడి కిటికీల రంగు కూడా అతని చేతిదే.

"గడపకి రంగేంటండీ పెద్దిరాజుగారూ? ఆడవాళ్లు పసుపు రాసుకుంటారు గదా!"

"ఆ రాసుకునే మనిషికి చెయ్యి పడిపోయింది రాయప్పా. పసుపు రాసినట్టే ఉండాలి, మళ్లీ మళ్లీ రాయక్కర్లేకుండా ఉండాలి."

చిన్నరాయప్ప రంగుపొడి డబ్బా ఒకటి చూపించాడు. "పసుపురంగు పొడి జిగురులో కలిపి వేస్తే తేలిగ్గా అయిపోద్దండీ. కాకపోతే అది పశువుల తోలు ఉడకేసి తీసిన జిగురు."

"గడపకి తోలు జిగురా? వద్దు."

"పోనీ అవిసెనూనెలో కలుపుదాం. నిగనిగలాడుద్ది. ఆరడానికి మాత్రం నాలుగు రోజులు పట్టుద్ది, అందాకా ఎవరూ దాని మీద కాలు పెట్టకూడదు."

"రోగిష్టి మనిషిని ఎత్తుకుని తిరిగేవాణ్ణి. కాలు పడకుండా ఎట్టా చూసుకోను?"

అప్పుడు చిన్నరాయప్ప ఒక రేకు డబ్బా మూత లేపి, పుల్లతో కలిపి, చెక్కముక్క మీద ఒక గీత గీశాడు. "అయితే ఇదండీ. ఎనామిలు. తెల్లారేసరికి ఆరిపోద్ది. ఎండకి వెలవదు, వానకి నానదు. చెంబెడు నీళ్లు పోసినా జారిపోవాల్సిందే. దీని మీద ఇంకేదీ అంటదు."

ఏదీ అంటదన్న మాట పెద్దిరాజుకు వరం దొరికినట్టు వినిపించింది. పంచె మడతలో ఇంటి నుంచి తెచ్చుకున్న పసుపు ముద్ద తీసి చెక్కముక్క పక్కన పెట్టాడు. ఇంకాస్త తెలుపు అన్నాడు, కాదు కాదు ఎక్కువైంది అన్నాడు. చిన్నరాయప్పకు విసుగొచ్చేదాకా కలిపించాడు. చివరికి ముద్ద ఏదో గీత ఏదో తెలియనంతగా కలిశాక తృప్తిగా తలూపాడు.

మర్నాడు చిన్నరాయప్ప వచ్చి గడప ముందు కూర్చుని బొరిగె తీశాడు. పాత పసుపు మీద రంగు నిలవదట, కొయ్య కనబడేదాకా గీకాలట. గీకుతుంటే ఏళ్లనాటి పసుపు పెళ్లలు పెళ్లలుగా లేచింది. ఇల్లంతా పెళ్లివారిల్లులా పసుపు వాసన కొట్టింది.

"ఏంటి బావా ఆ చప్పుడు?" లోపల మంచం మీద నుంచి అడిగింది నాగేంద్రమ్మ. మేనత్త కొడుకునే చేసుకుంది కాబట్టి ఆమెకతను ఎప్పుడూ బావే.

"గడప బాగుచేయిస్తున్నాలే. నువ్వు పడుకో."

రాలిన పసుపును ఊడ్చి పారెయ్యడానికి పెద్దిరాజుకు చేతులు రాలేదు. చేటలోకి ఎత్తి తులసి మొదట్లో పోసొచ్చాడు. వచ్చి చూస్తే టేకు కొయ్య తేటగా, బోసిగా కనిపించింది. బొట్టు చెరిపిన నుదురులా ఉందనిపించింది. అప్పుడైనా ఆపమనాల్సింది. అనలేదు. రంగు పడితే అదే బాగుంటుందిలే అని మొహం తిప్పుకున్నాడు.

నిజానికి బాగానే ఉంది. వెంకటలక్ష్మి వచ్చి చూసి, "నిన్ననే పసుపు రాసినట్టుంది అన్నయ్యా!" అని బుగ్గలు నొక్కుకుంది. పెద్దిరాజు ఆ వారమంతా తోటలో ఎదురైన ప్రతివాడికీ గడప సంగతే చెప్పాడు.

శుక్రవారం వచ్చింది. పొద్దున్నే పసుపుగిన్నె అడిగింది నాగేంద్రమ్మ.

"ఇంక ఆ బాధ లేదే నీకు. రంగు వేయించాను గదా."

"రంగు నువ్వు వేయించావు. పసుపు నేను పెట్టొద్దూ?"

అతను ఎత్తుకుని తీసుకొచ్చి గడప ముందు కూర్చోబెట్టాడు. చూస్తే సంతోషిస్తుందని అతని ఆశ. ఆమె ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని, వేళ్లు పసుపులో ముంచి, గడప మీద ఈడ్చింది. పసుపు నిలవలేదు. నున్నటి రంగు మీద చుక్కలు చుక్కలుగా విడిపోయి నేల మీదకు జారింది. మళ్లీ రాసింది. మళ్లీ జారింది. కుంకుమ బొట్టు పెడితే అదీ కారిపోయింది.

నాగేంద్రమ్మ తన చేతిని ఒళ్లో పెట్టేసుకుంది.

"నా చెయ్యి దీనికి అంటట్లేదు బావా," అంది. "నన్ను లోపల పడుకోబెట్టు."

ఆ పూట నుంచి ముద్ద ముట్టలేదు. గంజి పట్టుకెళితే పెదవులు బిగించేది. పెద్దిరాజుకు ముందు కోపం ముంచుకొచ్చింది. "నీ బాధ చూడలేక చేశానే! అదీ తప్పేనా?" అని అరిచాడు. ఆమె కళ్లు మూసుకుంది. గంజి ఇవ్వడానికొచ్చిన వెంకటలక్ష్మితో మాత్రం మెల్లిగా అంది: "వంట నువ్వు వండుతున్నావు, నీళ్లు మీ అన్నయ్య తోడుతున్నాడు. ఆ గడపొక్కటే నాకు మిగిలిన పని. అదీ లేదు. ఇంక ఈ ఇంట్లో నేనెందుకే?"

గుమ్మం పక్క నిలబడి విన్నాడు పెద్దిరాజు. పడిపోకుండా కాపాడుకుందామని, ఆమెను నిలబెడుతున్న దాన్నే పీకేశానని అప్పుడు అర్థమైంది. సిగ్గుతో ఏడుపొచ్చింది. తోటలో కొమ్మలు నరికే కత్తి తెచ్చి గడప ముందు చతికిలబడ్డాడు.

రంగు వెయ్యడం చిన్నరాయప్పకు ఒక పూట పని. తియ్యడం పెద్దిరాజుకు చేతులు బొబ్బలెక్కే పనైంది. ఎనామిలు అంత గట్టిది. కత్తి జారి కొయ్యలోకి దిగి, నున్నటి టేకు గాట్లు గాట్లుగా తయారైంది. దారినపోయేవాళ్లు, "ఏంటయ్యా, మొన్నే వేయించావు గదా!" అని నవ్వారు. అతను తలెత్తలేదు. లోపల నాగేంద్రమ్మ ఆ చప్పుడు వింటూనే ఉంది. ఈసారి ఏంటని అడగలేదు. సాయంత్రం అతను గంజి పట్టుకొస్తే నోరు తెరిచింది.

శుక్రవారం గడప ముందు ఆమెను కూర్చోబెట్టి, తను వెనక ఆనుకునేట్టు కూర్చున్నాడు. ఆమె తూలకుండా తన రొమ్ము అడ్డం పెట్టాడు. కుడి మణికట్టు పట్టుకున్న ఆమె ఎడమ చేతిని అతను తాకలేదు. ఎంత ఆలస్యమైనా పట్టించుకోలేదు. కత్తి గాట్లలోకి పసుపు ఇంకి, నిలిచింది.

"అంటింది," అంది నాగేంద్రమ్మ.

తోటల్లో కోతలయ్యేదాకా ప్రతి శుక్రవారం అలాగే జరిగింది. తొలకరి పడ్డాక ఒక పొద్దున ఆమె లేవలేదు. పసుపు కుంకాలతో పుణ్యస్త్రీగా, తన చేత్తో పసుపు రాసిన గడప దాటి వెళ్లిపోయింది.

మైల తీరాక వచ్చిన శుక్రవారం వెంకటలక్ష్మి పసుపుగిన్నెతో వచ్చింది. "ఆడదిక్కు లేని గడప బోసిగా ఉంచకూడదు అన్నయ్యా, నేను పెడతాను."

"నేను పెడతాలేమ్మా," అన్నాడు పెద్దిరాజు గిన్నె అందుకుంటూ.

మగవాడు గడపకు పసుపు పెట్టడమేమిటని ఆమెకు నోటిదాకా వచ్చింది. అతన్ని చూసి ఊరుకుంది. పెద్దిరాజు గడప ముందు కూర్చున్నాడు. ఏళ్ల తరబడి చెట్లెక్కిన గట్టి చేతులు అతనివి, ఏ లోపమూ లేని చేతులు. అయినా ఎడమ చేత్తో తన కుడి మణికట్టు పట్టుకుని, వేళ్లు పసుపులో ముంచి, గడప పొడుగునా మెల్లిగా ఈడ్చాడు. పసుపు పెట్టడమంటే అలాగే పెట్టాలని అతనికి తెలిసింది.