అడ్డుగోడకి చిగుళ్ళు

పొద్దున్నే వదిన చేసే మొదటి పని కత్తెర పుచ్చుకుని కొట్లోకి వెళ్ళడం. కొట్టంటే భర్తా మరిదీ కలిసి నడిపే చెక్కపని కొట్టు. దాని వెనకాల అడివి పొదల్లో ఒక పిట్టల జంట ఉంది. అవి పాడితే ఎండిన చెక్కయినా చిగురించాల్సిందే. తెల్లారేసరికి కుర్చీకాళ్ళకీ మంచంకోళ్ళకీ లేతాకులు వచ్చేవి. వదిన కత్తిరించేది. కొనుక్కెళ్ళినవాళ్ళు కూడా అప్పుడప్పుడు బల్ల మోసుకొచ్చి, "మళ్ళీ మొలిచిందమ్మా, కాస్త చూడండి" అనేవాళ్ళు. కూరకైనా పనికిరావు, వెధవ చిగుళ్ళని ఆవిడ విసుక్కునేది.

ఆ పిట్టల్ని సరిగ్గా చూసినవాళ్ళు లేరు. మహా సిగ్గు వాటికి. రాలిన ఆకులు తిరగేసి పురుగులు ఏరుకునే చప్పుడు మాత్రం వినపడేది. మన చూపు తగిలిందా, పాట ఆగిపోయేది. మగది మొదలుపెట్టిన పాటని ఆడది పూర్తిచేసేది. మధ్యలో సందే ఉండదు, ఒకే గొంతు అనుకుంటాం. అందుకే వదిన వాటికి వీపు పెట్టి వినేది.

అన్నదమ్ముల పనీ అలాగే సాగేది. దుంగకి ఇవతల అన్న, అవతల తమ్ముడు, మధ్యన జోడు రంపం. అన్న ఈల వేస్తాడు. తమ్ముడు దుంగ సర్దుకుని, చెయ్యి తీసి, తనూ ఈల వేస్తాడు. అప్పుడే లాగాలి. వాళ్ళ నాన్న నేర్పిన పద్ధతి అది.

ఒకరోజు అన్న ఈల వేశాడు. జవాబు ఈల వినపడింది. లాగాడు. తమ్ముడి చెయ్యి ఇంకా దుంగమీదే ఉంది. చూపుడువేలు సగం పోయింది.

"నువ్వు ఈల వేశావు. నా చెవులారా విన్నాను" అన్నాడు అన్న.

"వేలు పోయినవాణ్ణి నేను. నాకెందుకు అబద్ధం?" అన్నాడు తమ్ముడు.

మాటామాటా పెరిగి కొట్టు మధ్యలో చెక్కల అడ్డుగోడ లేచింది. వదినకి ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఒకరు కట్టుకున్నవాడు, ఒకరు తల్లి పోయాక తన చేత్తో అన్నం తినిపించి పెంచినవాడు. ఇద్దరికీ అబద్ధం రాదని ఆవిడకి తెలుసు, అదే గుండె కోసేసేది. చివరికి అన్న, వేరే ఊళ్ళో పని చూసుకున్నాను, సామాను సర్దమన్నాడు. వెళ్తే మళ్ళీ ఈ గడప తొక్కడు, ఆయన సంగతి ఆవిడకి తెలియనిదా.

ఈలోగా అడ్డుగోడ అన్నిటికన్నా గుబురుగా చిగిర్చింది. ఒకనాడు కత్తిరించబోతే ఆకుల మధ్య చిన్న గూడు, అందులో గుడ్లు కనిపించాయి. వదిన కత్తెర దించేసింది. గోడ పొదయిపోయింది.

సామానుకి లారీ వచ్చే రోజు పొద్దున్న, అందులో పట్టడానికి ఒక దూలం పొడుగెక్కువైంది. అన్న రంపం తీసి రెండో కొస భార్యకిచ్చాడు. తమ్ముడు పెరట్లో కుళాయి దగ్గర మొహం కడుక్కుంటూ, నోటినిండా నీళ్ళు పోసుకుని, ఇటే చూస్తున్నాడు.

అలవాటు చొప్పున అన్న నోట ఈల వచ్చేసింది.

జవాబూ వచ్చింది.

అన్న గిరుక్కున తిరిగాడు. తమ్ముడి బుగ్గలు ఇంకా ఉబ్బే ఉన్నాయి. నోట్లో నీళ్ళతో ఈల వేసే మొనగాడు ఇంకా పుట్టలేదు.

"గోడవైపు చూడకండి. ఇంకోసారి వెయ్యండి" అంది వదిన, వీపు తిప్పుకుని.

ముగ్గురూ వీపులు తిప్పారు. అన్న మళ్ళీ ఈల వేశాడు. ఆకుల్లోంచి తమ్ముడి ఈలే, చివర్లో వాడు పెట్టే విరుపుతో సహా.

తమ్ముడు నీళ్ళు ఉమ్మేశాడు.

"నేను విన్నది నిజమేరా" అన్నాడు అన్న.

"నేను వెయ్యనిదీ నిజమే."

అన్న ఆ మొండివేలు పట్టుకుని చాలాసేపు వదల్లేదు. వదినకి ఏడుపు ఆగలేదు. ఇన్నాళ్ళదీ ఒక్కసారే వచ్చింది. ఏడుస్తూనే లారీ అతనికి టీ ఇచ్చి, మేం వెళ్ళడం లేదు బాబూ అని పంపేసింది. గుడ్లున్నాయని గోడ జోలికి మాత్రం ఎవరూ పోలేదు.

దూలం కొయ్యడం మిగిలే ఉంది. తమ్ముడు వచ్చి రెండో కొస అందుకున్నాడు. ఈల వెయ్యబోయి అన్న ఆగిపోయాడు. గోడవైపు చూడకూడదని నేల చూస్తూ నిలబడ్డాడు.

"చెయ్యి తీశానన్నయ్యా" అన్నాడు తమ్ముడు, నోరు తెరిచి. "లాగు."