తెలిసి వేసిన స్విచ్చి

వదిన పరాయి దేశం నుంచి తెచ్చిచ్చిన మిక్సీని కడిగి తుడుస్తూ, దాని అడుగున ఉన్న చిన్న రేకు చదివిందామె. 120 వోల్టులు, 60 హెర్ట్జ్, 600 వాట్లు. ఇంటికొచ్చే సరఫరా చూస్తే 230 వోల్టులు, 50 హెర్ట్జ్. పద్నాలుగేళ్ళుగా ఎనిమిదో తరగతికి సైన్సు చెబుతున్న మనిషికి ఇందులో అర్థం కానిదేముంది?

"ఏమండీ, దీని వోల్టేజీ వేరు. మన ప్లగ్గులో పెట్టకూడదేమో" అంది. నూటికి నూరుపాళ్ళు తెలిసిన సంగతికి ఆ "ఏమో" ఎందుకట? ఆ ఇంట్లో ఆమె నోట ఏ మాటా తోక లేకుండా బయటికి రాదు. కాపురానికొచ్చిన కొత్తలో పట్టుబడిన విద్య అది.

భర్త అప్పటికే బజారుకెళ్ళి పిన్ను మార్చే ముక్క కొనుక్కొచ్చాడు. "పిన్ను దూరింది కదా టీచరమ్మా, ఇంకేం కావాలి?" అని నవ్వాడు. "బడి పాఠాలు బడిలో చెప్పుకోమ్మా. నా కూతురు అంత దూరం నుంచి మోసుకొచ్చింది" అన్నారు అత్తగారు. వదిన మొహం చిన్నబుచ్చుకుంది. ఆమె అందరి మొహాలూ ఒకసారి చూసి, తనే వెళ్ళి స్విచ్చి వేసింది.

మిక్సీ గీపెట్టింది, గుప్పున పొగ వదిలింది, ఆగిపోయింది. "నీ చెయ్యి పడితే ఏదీ బతకదు" అన్నాడు భర్త. పోనీ, అప్పుడైనా నోరు పెగిలిందా? "పొరపాటైపోయింది వదినా" అంది. గుమ్మంలో నిలబడి ఆమె కూతురు అంతా చూసింది. రేకు మీది అంకెలు తల్లి పెదవులు కదుపుతూ చదవడం కూడా చూసింది.

కూతురు చదివేది ఆమె క్లాసులోనే. వారం తిరిగేసరికి విద్యుత్తు పాఠం రానే వచ్చింది. వోల్టేజీ అంటే తోసే ఒత్తిడి, ఆ తోపుకు తీగలో పారేది కరెంటు, ఆ రెండూ కలిసి చేయించే పని ఎంత జోరో చెప్పేది పవర్, సెకనుకు ఎన్నిసార్లు ఆ ప్రవాహం అటూ ఇటూ ఊగుతుందో అది ఫ్రీక్వెన్సీ, మనం ఇళ్ళల్లో అన్నిటినీ కలిపి కరెంటు అనేస్తాం అని గడగడా చెప్పుకుపోయింది. బోర్డు ముందు ఆమె గొంతుకు తోకలుండవు. అదే గొంతు ఇంట్లో ఎక్కడ దాక్కుంటుందో అనుకోగానే చేతిలో సుద్దముక్క విరిగింది. "120 వోల్టుల మిక్సీని 230లో పెడితే ఏమవుతుంది?" అని అడిగింది. "ఏం కాదు టీచర్, పిన్ను మారిస్తే సరి" అన్నాడొక మగపిల్లవాడు, ఎంత ధీమాగానో. ఆమె కూతురి వైపు చూసింది. సైన్సులో ఎప్పుడూ ఫస్టొచ్చే పిల్ల తల దించుకుని, "ఏమో టీచర్" అంది.

ఇంటికి నడుస్తుంటే అడిగింది. "నీకు జవాబు తెలుసుగా, చెప్పలేదేం?"

"తెలుసు. ఆ రోజు నీకూ తెలుసుగా అమ్మా."

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఆడవాళ్ళు చేసేది అదే కాబోలు అన్నట్టు మామూలుగా అంది. ఆమెకు తల కొట్టేసినట్టయింది. మిక్సీ పోతే పోయింది, దాని పొగ ఒక్క నిమిషంలో కిటికీలోంచి పోయింది. తన మౌనం మాత్రం పిల్ల ఒంటికి పట్టింది. భర్త వేళాకోళాలకు ఇన్నేళ్ళూ సిగ్గుపడింది, అది దండగ సిగ్గు. అసలు సిగ్గు ఇవాళ తెలిసొచ్చింది.

ఇంటికి చేరేసరికి భర్త పక్కింటాయనకు టీ ఇచ్చి ఆ కథే చెబుతున్నాడు. "మా ఆవిడ సైన్సు టీచరే, మిక్సీ పేల్చేసింది" అంటున్నాడు. అత్తగారు, వదిన నవ్వుతున్నారు. ఆమె చెప్పులు విడిచి నేరుగా వాళ్ళ మధ్యకు వెళ్ళింది.

"కాలిపోతుందని నాకు తెలుసు. తెలిసే స్విచ్చి వేశాను, మీరంతా నవ్వుతారని భయపడి. అందుకు సిగ్గుపడుతున్నాను." ఈసారి ఏ మాటకూ తోక లేదు. కూతురి భుజం మీద చెయ్యి వేసింది. "క్లాసులో మింగేశావే, ఆ జవాబు ఇప్పుడు చెప్పు తల్లీ."

"వోల్టేజీ దాదాపు రెండింతలైతే లోపలికి లాక్కునే కరెంటు కూడా..." అని పిల్ల మొదలుపెట్టింది.

"అబ్బో, ఇంకో టీచరమ్మ" అన్నాడు భర్త.

"ఆగండి" అందామె. "అది మాట్లాడుతోంది."