నా ఈగ, థర్జా చేపలు

ముందే చెప్పేస్తున్నా, నాకు ఒక ఈగ మీద కుళ్ళు. అది కూడా గాలం ముల్లుకి దారం చుట్టి, చేపలకి ఎరగా నా చేత్తో నేనే కట్టిన ఈగ.

మా చేపలవేట క్లబ్ ఆడవాళ్ళ జట్టులో ఒక్క చోటు మిగిలింది. పోటీలో ఉన్నది నేనూ, థర్జా. థర్జా స్కూల్ బస్సు నడుపుతుంది. మా అమ్మకంటే పెద్దది, నోరు మూతపడదు. నేను సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే ఉద్యోగం చేస్తా. శనివారమంతా ఇద్దరం ఒకే పడవలో రిజర్వాయర్ మీద తిరగాలి. సాయంత్రానికి ఎవరి ట్రౌట్ చేపలు ఎక్కువ తూగితే వాళ్ళు జట్టులోకి. "వచ్చే ఏడు చూద్దాం మెరిన్" అనే మాట వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి. ఈసారి ఆ చోటు నాకు కావాల్సిందే.

ఏప్రిల్‌లో నీటి అడుగు బురదలోంచి చిన్న పురుగులు పైకి లేస్తాయి. మేం వాటిని బజర్లంటాం. చేపలకి అప్పుడు అదే విందు. అందుకని వంటింటి బల్లకి, ముల్లుని కదలకుండా పట్టి ఉంచే వైస్ బిగించి, వారమంతా నకిలీ బజర్లు, అంటే మా ఈగలు, కట్టా. గాలం ముల్లు వంపు దాకా నల్లదారం ఒక్క పొర, దాని మీద సన్న వెండితీగ మెలికలు, తల దగ్గర అటూ ఇటూ నారింజ చుక్క, పైన వార్నిష్ పూత. అంతా కలిపితే బియ్యపు గింజంత. దారం కాస్త ఎక్కువ చుడితే పురుగు కాస్తా చిక్కుడుగింజ అయిపోతుంది.

పొద్దున్నే నాకు ఒక చేప పడింది. ఈ చోటు నాదే అనుకున్నా.

ఏ ఈగకి పడిందని అడిగింది థర్జా. పడవలో తోడున్న మనిషి అడిగితే మావాళ్ళు అబద్ధం చెప్పరు. పెట్టెలో ఇంకోటుంటే ఇస్తారు కూడా, పోటీ అయినా సరే. ఇచ్చా. ఆ తర్వాత చేపలన్నీ కూడబలుక్కున్నట్టు ఆవిడ వైపే వెళ్ళాయి. ఆవిడ అల్లుడి గురించి చెబుతూ ఒకటి లాగింది. పంది మాంసం కూరిన రొట్టె తింటూ, ఒంటి చేత్తో ఇంకోటి లాగింది.

ఉద్యోగం అలవాటు కదా, ఒక్కోటీ మార్చి చూశా. ముందు ఆవిడంత దూరమే విసిరా. తర్వాత దారాన్ని ఆవిడంత నెమ్మదిగానే వెనక్కి లాగా. మధ్యాహ్నం పడవ చివరలు మార్చుకోవడం ఆనవాయితీ, సరే, ఆవిడ చోటులో కూర్చున్నా. చేపలు కూడా లేచి ఆవిడతోపాటు అటు వెళ్ళాయి. చివరికి సిగ్గు విడిచి, ఆవిడ దారానికున్న ఈగే కావాలన్నా. పళ్ళతో పుటుక్కున తెంపి చేతిలో పెట్టి, నాది తీసుకుంది. నాదానికి కూడా ఆవిడకే పడింది.

"అసలేం చేస్తున్నారో చెప్పండి థర్జా" అన్నా.

"ఏం చెయ్యట్లేదు బాతూ." మా వైపు ముద్దొస్తే అలాగే పిలుస్తారు. "నీతో వచ్చిన చిక్కే అది. నువ్వు ఏదో ఒకటి చేస్తూనే ఉన్నావ్."

నేనూ ఏమీ చెయ్యకుండా కూర్చున్నా. ఏమీ పడలేదు.

ఆవిడ నావైపు చూసి, "మరీ అంత కాదులే" అంది.

ఒడ్డున మా కెప్టెన్ ఏవిస్ తూకం వేసింది. ఎంత తేడా వచ్చిందో అడక్కండి. చోటు థర్జాకి వెళ్ళింది. నేను బూట్లు విప్పుకుని మెల్లగా జారుకుందామనుకునేలోపు థర్జా అందరిముందూ చెప్పింది.

"చేపలు నావే గానీ ఈగ ఈ పిల్లది. దీని దగ్గర పుచ్చుకోండి, లేకపోతే మీ ఇష్టం."

జట్టు మొత్తానికి వచ్చే శనివారంలోపు కట్టి ఇస్తావా అని ఏవిస్ అడిగింది. అంటే పోటీకి నా ఈగలు వెళ్తాయి, నేను వెళ్ళను. నాకు ఏడుపొచ్చిందో నవ్వొచ్చిందో తెలీదు గానీ, నోరు మాత్రం సరే అనేసింది.

ఆదివారం పొద్దున టీ పెట్టుకుని వైస్ ముందు కూర్చున్నా. నిజం చెప్పాలంటే మంచి ఆలోచనలతో కూర్చోలేదు. దేంట్లోనో ఒకదాంట్లో చిన్న లోటు పెడితే కనిపెట్టేదెవరు? కానీ దేంట్లో పెట్టాలి? దారంలోనా, తీగలోనా, నారింజ చుక్కలోనా? ఒక వస్తువుని పాడుచెయ్యాలంటే ముందు అది ఎందుకు పనిచేస్తోందో తెలియాలి. నాకు అదే తెలీదు. ముల్లు బిగించి చాలాసేపు చూశా. నాకు తెలిసింది సరిగ్గా కట్టడం ఒక్కటే.

సరిగ్గానే కట్టా. అన్నీ, వార్నిష్‌తో సహా. మంచితనమా, చేతకానితనమా అంటే చెప్పలేను.

మీ చేత్తో చేసింది మీకు తప్ప అందరికీ పనిచేసిన సంగతి ఏదైనా మీకుందా? ఉంటే రాయండి, కిందే చోటుంది. కారణం కూడా తెలిస్తే అది మొదటి లైన్లోనే పెట్టండి, ప్లీజ్.