సోమవారం పరీక్షలు

కర్నూలులో ఎం.ఎడ్. చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కింది నేనే మొదలు. పరిశోధనకు ట్యాబ్‌లతో లెక్కలు నేర్పడం తీసుకున్నాను. అందుకోసం ఆదోని అవతల ఒక హైస్కూల్లో ఎనిమిదో తరగతికి రెండు నెలలు పాఠాలు చెప్పాను. ప్రతి సోమవారం ట్యాబ్ మీద పరీక్ష. ఇరవై ప్రశ్నలు, ఒక్కోదానికి అర నిమిషం. సరైన జవాబు మీద వేలు పెట్టాలి. టైము అయిపోతే ప్రశ్న దానంతటదే మారిపోతుంది.

నాగలతకు ఏ వారమూ ఐదు మార్కులు దాటలేదు. తరగతిలో పెద్దగా నోరు విప్పని పిల్ల. మా గైడ్ మేడం ఆ మార్కులు చూసి, "ఇలాంటి కేసు ఒకటి ఉంటేనే థీసిస్‌కు బలం, శివజ్యోతీ. వివరంగా రాయి" అన్నారు. రాశాను. 'లెక్కల్లో బాగా వెనకబడిన విద్యార్థిని, ట్యాబ్ సాయం ఉన్నా మెరుగుదల లేదు' అని రాశాను. ఒక కాపీ హెడ్మాస్టరు రామకృష్ణ సారుకు ఇచ్చాను. అది మర్యాద అనుకున్నాను.

బుధవారం తల్లిదండ్రుల మీటింగులో ఆయన దాన్ని పైకి చదివారు. పేరుతో సహా.

నాగలత నాయన కంబన్న గోడకు ఆనుకుని అంతా విన్నాడు. మీటింగు అయ్యాక నా దగ్గరికి వచ్చాడు.

"ఐదేండ్లుగా సుగ్గికి వలస పోతాండాం మేడం, గుంటూరు పక్క మిరపకాయలు తెంపను. సదువు పాడైతాదని పాపను మా యమ్మ దగ్గర ఇడ్సి పోతాంటిమి. మీరు మంచి పని చేస్తిరి, ముందే చెప్తిరి."

"అట్లా కాదన్నా, అది పరిశోధన కోసం..."

"మనిసి చెప్తే గిట్టక చెప్పిండారు అనుకోవచ్చు. మిషనే రాదంటాండాది గదా. సుక్కురారం లారీ. ఈ తూరి పాప గూడా వస్తాది."

"మిరపకాయలు తెంపను ట్యాబు అక్కర్లేదులేప్పా కంబన్నా" అన్నారెవరో వెనక నుంచి. నలుగురు నవ్వారు. తలుపు దగ్గర నిలబడిన నాగలత కూడా నవ్వబోయి మానుకుంది.

ఆ సాయంత్రం అద్దె గదిలో సోమవారం తీసిన వీడియో ముందేసుకుని కూర్చున్నాను. పరీక్ష జరిగేటప్పుడు ఫోను కిటికీలో పెట్టి తీసింది. థీసిస్‌తో పాటు రెండు నిమిషాల ముక్క ఇవ్వాలి. కిటికీకి దగ్గరగా కూర్చున్నది నాగలతే.

మొదటి ప్రశ్నకు ఆమె వేలు మూడో జవాబు మీద పెట్టింది. అదే సరైనది. ట్యాబ్‌లో కదలిక లేదు. గట్టిగా ఒత్తింది. లేదు. వేలు చున్నీకి తుడుచుకుని మళ్ళీ ఒత్తింది. ఇంతలో ప్రశ్న మారిపోయింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. ఐదో ప్రశ్నకు ఎడమచేతి చిటికెన వేలు పెట్టి చూసింది. అది పడింది.

వీడియో ఆపేశాను. ఆ తుడుచుకోవడం నాకు తెలుసు. మా అమ్మ ఉరుకుందమ్మ స్టోరు బియ్యానికి పోయినప్పుడల్లా వేలిముద్ర మిషను ముందు అట్లాగే కొంగుకు తుడుచుకుంటుంది. కూలి పనులకు ఆమె వేళ్ళ మీద గీతలే అరిగిపోయాయి. డీలరు "ఇంగో వేలు పెట్టు, ఇంగో వేలు పెట్టు" అని విసుక్కుంటుంటే, తప్పంతా తనదే అయినట్టు నవ్వుతుంది. పక్కన సంచి పట్టుకుని నిలబడి ఎన్నేళ్ళు చూశానో.

సగం తరగతి ఆదివారం పత్తి తీయడానికి పోతుందని నాకు తెలుసు. పరీక్ష సోమవారం పెట్టాను.

గురువారం నాగలతను స్టాఫ్ రూములో కూర్చోబెట్టి, అదే స్థాయివి వేరే ఇరవై ప్రశ్నలు కాగితం మీద ఇచ్చాను. ఆమె వేళ్ళ కొసలు పగిలి, పత్తికాయ డొప్పలు గీరి, తోలు గట్టిపడి ఉన్నాయి.

"ట్యాబ్ పనిచేయడం లేదని నాకెందుకు చెప్పలేదు?"

"అందరివీ పడ్తాండాయి మేడం. నాదే పడలే. నాకే ఒత్తను రాలేదనుకున్యా."

పదిహేడు వచ్చాయి.

గైడ్ మేడంకు ఫోన్ చేశాను. "ఇప్పుడు పరికరమే తప్పంటే నీ మార్కుల పట్టికలన్నీ పోతాయి. ఇంకో ఏడాది పడుతుంది. ఆ ఒక్క అమ్మాయిని తీసేసి రాసెయ్" అన్నారు.

"ఇంకెంతమంది వేళ్ళు అట్లా ఉన్నాయో నాకు తెలీదు మేడం" అన్నాను. ఆవిడ ఫోన్ పెట్టేశారు.

శుక్రవారం పొద్దున్నే పంచాయతీ ఆఫీసు ముందు లారీ నిలబడి ఉంది. బియ్యం మూటలు, బిందెలు, చాపలు ఎక్కిస్తున్నారు. కంబన్న నేనిచ్చిన నాగలత జవాబుల కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మొన్న మిషను రాదనె. ఈ పొద్దు కాయితం వస్తాదంటాండాది. మేం దేన్ని నమ్మల్ల?"

"తప్పు నాదన్నా. చూడకుండా రాసినాను."

"నా ఒక్కనికి చెప్తే ఏం వచ్చె? అందరి ముందర చదివిరి. అందరి ముందర చెప్పు."

చెప్పాను. లారీ మీద ఉన్నవాళ్ళు, కింద ఉన్నవాళ్ళు పని ఆపి విన్నారు. నాగలతకు లెక్కలు బాగా వచ్చునని, రాదని రాసింది నేనేనని, అది తప్పని చెప్పాను. ఎవరూ నవ్వలేదు.

నాగలత తల్లి సోమక్క మొగుడి వంక చూసింది. "దింపుదామా పాపను?"

"యాడ ఉంటాది? అమ్మను నిన్ననే మా అక్క ఊరికి తోలితిమి గదా."

"నా గదిలో ఉంచుకుంటానన్నా" అన్నాను.

"ఎన్ని దినాలుంటావమ్మా నువ్వు ఈడ?"

నాకు బడిలో ఇంకో వారమే ఉంది. అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

లారీ పైనుంచి నాగలత వంగింది. "మేడం, ఆ మూడు తప్పులు ఏవి?"

వెనక చక్రం మీద కాలు పెట్టి పైకెక్కి, డాలా చెక్క అంచు పట్టుకుని రెండు చెప్పాను. మూడోది మొదలుపెట్టేసరికి డ్రైవరు హారను కొట్టాడు. దిగక తప్పలేదు.

"బడిలో పాప పేరు తీసేయనీకుండా సూడు మేడం" అని సోమక్క పైనుంచి అరిచింది.

థీసిస్‌లో ఆ అధ్యాయం కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టాను. ఏడాది పడితే పడనీ. మూడోది భిన్నాల భాగహారం. కూలీలను తోలుకుపోయిన మేస్త్రీ ఫోన్ నంబరు ఊర్లో అడిగి తీసుకుని, నిదానంగా రెండుసార్లు చెప్పి వాట్సాప్‌లో వాయిస్ పంపాను. ఇవాళ్టికి నాలుగు రోజులు. అవతల ఎవరైనా విన్నట్టు నీలం టిక్కు ఇంకా పడలేదు.